పద్దెనిమిది మిల్లీలీటర్ల గాలి

జూన్ 9, సోమవారం

బతికాడు.

జూన్ 10, మంగళవారం

నిన్న ఒక్క మాట రాసి పెన్ను మూసేశాను. ఇవాళ వరసగా రాసుకోవాలి. రేపు ఎవరైనా అడిగితే తడుముకోకూడదు.

కాలేయ మార్పిడి. మనిషికి నలభై ఆరేళ్లు, సైకిళ్లకూ స్కూటర్లకూ పంక్చర్లు వేస్తాడు. పాడైపోయిన కాలేయం తీసేసి దాత కాలేయం పెట్టాలి. మత్తు నాది, కత్తి అన్నయ్యది. మత్తెక్కాక ఎకో గొట్టం నోట్లోంచి అన్నవాహికలోకి దించాను. అది సరిగ్గా గుండె వెనకాల ఆగుతుంది. అక్కణ్ణుంచి గుండెలోని నాలుగు గదులూ తెర మీద నలుపు తెలుపుల్లో కదులుతూ కనబడతాయి. ఆ తెర ముందు కూర్చోవడం నా పని. పదహారేళ్లుగా కూర్చుంటున్నాను.

మూడు గంటలు సాఫీగానే నడిచింది. పాత కాలేయాన్ని విడదీస్తుండగా దాని వెనకున్న పెద్ద సిరకు చిల్లు పడింది. పడుతుంది. ఎవరి చేతిలోనైనా పడుతుంది. ఈసారి అన్నయ్య చేతిలో పడింది. ఆ సిరలో ఒత్తిడి మరీ తక్కువగా ఉండటంతో రక్తం బయటికి రాలేదు, బయటి గాలే లోపలికి పోయింది. తెర మీద గుండె కుడి గదిలో తెల్లటి చుక్కలు. ముందు నాలుగైదు, తర్వాత సోడా మూత తీసినట్టు గది నిండా.

కనబడిన క్షణంలోనే చెప్పాను.

ఆ తర్వాత జరగాల్సినవన్నీ జరిగాయి. చిల్లు మీద వేలు పడింది. ఇంకా గాలి పీల్చుకోవడానికి దారి లేకుండా పొట్ట నిండా సెలైను కుమ్మరించారు. నేను ఆక్సిజన్ నూటికి నూరు పెట్టాను, బల్లను తలవైపు దించి ఎడమకు వాల్చాను, మెడ సిరలోంచి గుండె దాకా వెళ్లిన గొట్టానికి సిరంజి తగిలించి, తెర చూసుకుంటూ, చుక్కలు ఎక్కడ గుమిగూడితే అక్కణ్ణుంచి గాలి లాగాను. బీపీ నలభైకి జారింది. రెండు నిమిషాలు ఛాతీ నొక్కాం. నురుగూ రక్తమూ పోగా సిరంజిలో మిగిలిన గాలి పద్దెనిమిది మిల్లీలీటర్లు. తెర మీద గుండె మళ్లీ నల్లగా, శుభ్రంగా కనబడింది. సిరకు కుట్లు పడ్డాయి. గంట ఆగి మిగతా పని మొదలుపెట్టారు. కొత్త కాలేయం సాయంత్రానికి రంగు తిరిగింది.

ఒక్కటే చిక్కు. ఇతనికి గుండె గదుల మధ్య గోడలో పుట్టుకతోనే సూదిబెజ్జమంత రంధ్రం ఉంది. కొన్ని బుడగలు అందులోంచి ఎడమవైపుకు దాటడం నా కళ్లారా చూశాను. కుడివైపు గాలి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటుంది. ఎడమకు దాటింది మెదడుకు పోతుంది.

అయినా నేను వెంటనే చెప్పాను. అది మాత్రం రాసి ఉంచుకోవాలి.

జూన్ 12, గురువారం

కళ్లు తెరిచాడు. భార్యను గుర్తుపట్టాడు. తాళంచెవులు ఎక్కడ పెట్టిందో అడిగాడు. కుడికాలు మడవమంటే మడిచాడు. ఎడమకాలు మడవమంటే దాని వంక చూస్తూ ఉండిపోయాడు, పక్కమంచం వాళ్ల కాలు చూస్తున్నట్టు.

అన్నయ్య ఆ మంచం దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. నేను నీళ్ల ఫిల్టరు పక్కన ఆగి, ఆయన వెళ్లాక లోపలికి వెళ్లాను. మూడు గ్లాసులు తాగాను. దాహం వేసింది.

జూన్ 13, శుక్రవారం

విచారణ సంఘం వేశారు. పేరు "శరీరంలోకి గాలి ప్రవేశంపై విచారణ సంఘం". మధ్యాహ్నం భోజనాలవేళకే అందరి నోటా గాలి కమిటీ అయిపోయింది.

అధ్యక్షుడు మా పరిపాలనాధికారి. ఆయన్ని మేం సర్క్యులర్ గారు అంటాం. మెట్ల మీద ఎడమవైపే నడవాలని ఒక సర్క్యులరు, లిఫ్టులో గట్టిగా నిట్టూర్చరాదని ఒక సర్క్యులరు ఆయన చలవే. సభ్యులు ఇద్దరు. ఒకరు చర్మవ్యాధుల డాక్టరు, ఈ ఆపరేషన్‌తో ఏ సంబంధమూ లేని డాక్టరు ఆయనొక్కడే దొరికాడట. రెండోవారు ఏసీ ఇంజనీరు, గాలి ఆయన శాఖ కాబట్టి.

సాక్ష్యం కూడా దొరికింది. ఆపరేషన్ గదిలో ఉండే మా నర్సక్క ఆ రోజు ఆ సిరంజికి మూత బిగించి, పేషెంటు పేరూ తేదీ రాసి చీటీ అంటించింది. ఒంట్లోంచి ఏది తీసినా పేరు రాసి దాచాలన్నది ఆవిడ ముప్పైనాలుగేళ్ల అలవాటు. రాయి తీసినా, పన్ను తీసినా అంతే. గాలికి వేరే రూలు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడా సిరంజి కమిటీ బీరువాలో, రెండు తాళాల వెనక ఉంది.

నాకేం భయం లేదు. వెంటనే చెప్పాను కదా.

జూన్ 16, సోమవారం

మొదటి సమావేశం. సర్క్యులర్ గారు ఒక ఫారం తయారుచేశారు. తీసిన వస్తువు: గాలి. పరిమాణం: పద్దెనిమిది. రంగు: లేదు. వాసన దగ్గర ఆగి నన్ను అడిగారు.

"చూడలేదండి."

"చూసి ఉండాల్సింది. పోనీ, యజమాని ఎవరని రాయమంటారు?"

"గాలికి యజమాని ఏమిటండి?"

"కాలమ్ ఉంది మేడమ్. ఖాళీగా వదిలేస్తే పైనుంచి వెనక్కి పంపుతారు."

ఏసీ ఇంజనీరు గొంతు సవరించుకున్నాడు. ఆపరేషన్ గదిలోకి తాము పంపే గాలి మూడుసార్లు వడకట్టినదనీ, అది ఎవరికీ హాని చేసే రకం కాదనీ, కావాలంటే ల్యాబులో పరీక్షించుకోవచ్చనీ చెప్పాడు. తన గాలిని వెనకేసుకొస్తుంటే కన్నకొడుకు గురించి మాట్లాడుతున్నట్టే ఉంది. ల్యాబుకు రాయాలని తీర్మానించారు. చర్మం డాక్టరు దురద ఏమైనా వచ్చిందా అని అడిగాడు. రాలేదన్నాను. ఆయన పని అయిపోయింది.

చివరికి సర్క్యులర్ గారు అసలు సంగతికి వచ్చారు. "బుడగలు కనబడగానే ఏం చేశారు?"

"వెంటనే చెప్పాను."

"భేష్" అని రాసుకున్నారు. ఎవరికి అని అడగలేదు. అడగలేదు కాబట్టి నేను చెప్పలేదు. అడగని దానికి జవాబు చెప్పడం గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడమే.

జూన్ 18, బుధవారం

అన్నయ్య అమ్మకు ఫోన్ చేశాడు. అమ్మ నా దగ్గరే ఉంటోంది. నేను పక్కనే కూర్చుని బఠానీలు ఒలుస్తున్నాను. ఆయన గొంతు నాకు వినబడుతోంది, నా గొంతు ఆయనకూ వినబడుతూనే ఉంటుంది. అయినా పద్ధతి పద్ధతే.

"కాలు ఎలా ఉందని అడుగుతున్నాడే."

"రోజూ చూస్తున్నాడుగా, తెలీదా అని అడుగు."

"తెలీదా అంటోంది రా. ఆఁ. నువ్వు చూసినప్పుడు ఏమనిపించిందో చెప్పమంటున్నాడు."

"వేళ్లలో కాస్త కదలిక ఉందని చెప్పు."

"వేళ్లలో కాస్త కదలిక ఉందట. ఆఁ, సరే. తనకీ అలాగే అనిపించిందట." అమ్మ ఫోన్ పెట్టేసి బఠానీల గిన్నె తన వైపు లాక్కుంది. "ఇంతకీ ఎవరి కాలు?"

పేషెంటు కాలన్నాను. మీ ఇద్దరి మధ్యా పడి నా మెడ నొప్పెడుతోందని అమ్మ అంది. నాలుగేళ్లుగా అంటూనే ఉంది.

నాలుగేళ్లు. నాన్న పోయిన పదకొండో రోజు ఆయన ఊతకర్ర కనబడలేదు. పదిహేనో రోజు అన్నయ్య ఇంట్లో, గొడుగుల పక్కన కనబడింది. ఒక్క మాట, చెల్లీ నేను తీసుకెళ్తున్నానే అంటే నేను కాదనేదాన్నా? అననేలేదు. నేను అడిగితే, నీకు కర్ర ఎందుకు, నీకు కాలు నొప్పా అన్నాడు. నీకు నొప్పా అన్నాను. అదే మా ఆఖరి సంభాషణ. ఆ తర్వాత ఇంట్లో అమ్మ ద్వారా, ఆపరేషన్ గదిలో నర్సక్క ద్వారా. పని ఎప్పుడూ ఆగలేదు. రెండువందల పైచిలుకు ఆపరేషన్లు చేశాం, ఒక్కదాంట్లోనూ తేడా రాలేదు.

ఇవాళ అమ్మ ఇంకో మాట కూడా అంది. "మీ నాన్నకి మాత్రం కాలు నొప్పి ఎక్కడిదే? కుక్కలంటే భయం, అందుకు పట్టుకునేవాడు."

జూన్ 21, శనివారం

పంక్చరాయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు. నేను వెళ్లేసరికి భార్య ఎడమ పాదానికి నూనె రాస్తోంది. ఆపరేషన్‌లో ఏం జరిగిందో చెప్పమన్నాడు. చెప్పాను. ఏళ్ల తరబడి మెడికల్ కాలేజీలో చెబుతున్నాను, ఇంత త్వరగా పట్టుకున్నవాణ్ణి చూడలేదు.

"అంటే ట్యూబులో ఉండాల్సింది మనిషిలోకి వెళ్లింది."

"అంతే."

"మీరు బుడగలు చూసి కనిపెట్టారు."

"అవును, తెర మీద."

"మాదీ అదే పనండి. మాకు తొట్టి, మీకు తెర." మనిషి ముఖం వెలిగింది. తోటి పనివాణ్ణి చూసినట్టు నన్ను చూశాడు. "ఒకటే కిటుకు. బుడగ కనబడ్డ చోట వెంటనే వేలు పెట్టేయాలి. కన్ను తిప్పామా, చోటు తప్పిపోతుంది."

నేను కన్ను తిప్పలేదు. ఆ మాట ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్తాను. కన్ను తిప్పలేదు.

కొట్లో కూర్చుని ఎడమకాలితో టైరు తొక్కిపట్టి, రెండు చేతులతో రిమ్ము లోంచి ట్యూబు లాగుతాడట. ఆ కాలు ఎప్పుడొస్తుందని భార్య అడిగింది. రావచ్చన్నాను.

జూన్ 23, సోమవారం

రెండో సమావేశం. బీరువా తెరిచి సిరంజి తీశారు. పదిహేను మిల్లీలీటర్లు.

సర్క్యులర్ గారు కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశారు. పదిహేనే. గది తలుపు వేయించారు. మూడు మిల్లీలీటర్ల గాలి మాయమైంది, ఎవరు బాధ్యులు? రెండు తాళాలూ వేసినవి వేసినట్టే ఉన్నాయి, తాళంచెవుల రిజిస్టరులో సంతకాలు సరిగ్గానే ఉన్నాయి. స్టోరు గుమస్తాను పిలిపించారు.

"నేను పీల్చలేదండి" అన్నాడు, ఎవరూ అనకముందే.

"పీల్చావని నేననలేదే?"

"ముందే చెప్పేస్తున్నాను. మా ఇంట్లో అందరికీ ఉబ్బసం."

పోయిన గాలి మీద ఉపసంఘం వేశారు. సభ్యులు ముగ్గురూ వాళ్లే. ల్యాబు నుంచి జవాబు కూడా వచ్చింది. ఆపరేషన్ గది గాలి నమూనాలో ఏమీ కనబడలేదట. ఏసీ ఇంజనీరు కాగితం రెండుసార్లు చదువుకుని జేబులో పెట్టుకున్నాడు.

అన్నయ్య గోడవైపు కుర్చీలో, నేను కిటికీవైపు కుర్చీలో. ఆయన జుట్టు బాగా నెరిసింది. ఆపరేషన్ గదిలో టోపీ ఉంటుంది కాబట్టి తెలియలేదు.

జూన్ 26, గురువారం

ఎకో యంత్రంలో ఆ రోజు రికార్డింగు ఉంది. ఎవరూ చూడలేదు. కమిటీకి సిరంజి దొరికింది కాబట్టి దీని ఊసే రాలేదు. గది తలుపేసుకుని చూశాను.

మొదటి బుడగ పదకొండు గంటల నలభై రెండు నిమిషాల పది సెకన్లకు. కొత్త బుడగలు రావడం ఆగింది నలభై రెండు నిమిషాల యాభై సెకన్లకు.

యంత్రం గడియారం తప్పయి ఉంటుంది. గోడ గడియారంతో సరిచూశాను. నా చేతి గడియారంతో సరిచూశాను. ఆఖరికి స్టాఫ్ గది మైక్రోవేవ్‌తో కూడా సరిచూశాను. మైక్రోవేవ్ ఒక్కటే తేడాగా ఉంది.

వెంటనే చెప్పాను. నర్సక్కకి చెప్పాను.

ఇదెవరూ చదవరు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

"నర్సక్కా, ఆయనతో చెప్పు, గాలి లోపలికి పోతోంది."

నర్సక్క అప్పుడు రక్తం అద్దిన గుడ్డలు లెక్కపెడుతోంది. ఆవిడ లెక్కలో ఉంటే ఎవరూ కదిలించకూడదు, అది మా అందరి నియమం. ఒక్క గుడ్డ పొట్టలో ఉండిపోతే ఏమవుతుందో అందరికీ తెలుసు. "ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఒక్క క్షణం మేడమ్, ఇరవై ఎనిమిది." తర్వాత అటు తిరిగింది. "సర్, గాలి పోతోందంటున్నారు."

"రక్తమే లేదు, చిల్లు ఎక్కడిదని అడుగు."

"చిల్లు ఎక్కడిది అంటున్నారు మేడమ్."

"నాకు కనబడుతోంది, ఉందని చెప్పు."

"ఉందట సర్."

"ఎక్కడుందో చెప్పమను."

మా ఇద్దరి మధ్యా అడ్డంగా ఉన్నది ఒక ఆకుపచ్చ గుడ్డ. చెయ్యి చాస్తే ఆయన భుజం అందుతుంది.

అప్పుడు బీపీ అలారం మోగింది. అప్పుడు నేను "అన్నయ్యా, వేలు పెట్టు" అన్నాను. అరిచానట. చిల్లు ఎక్కడో తెలియకుండానే ఆయన వేలు నేరుగా అక్కడికే వెళ్లింది. అడగలేదు, వాదించలేదు.

చెప్పడానికి ఒక సెకను చాలు. నలభై పట్టింది. ఎడమకు దాటిన బుడగలన్నీ ఆఖరి పదిహేను సెకన్లలోవే. మూడుసార్లు చూశాను.

జూన్ 27, శుక్రవారం

యంత్రం గడియారం సరైనదే.

జూన్ 30, సోమవారం

మూడో సమావేశం. పన్నెండు మిల్లీలీటర్లు.

సర్క్యులర్ గారు ఈసారి ముగింపుతోనే వచ్చారు. సెలైను గొట్టాలు అమర్చేది నర్సు. గాలి గొట్టంలోంచి వచ్చి ఉండవచ్చు. సిరంజికి మూత పెట్టింది నర్సు, పోయిన గాలి ఆ మూతలోంచి పోయి ఉండవచ్చు. వచ్చిన గాలికీ పోయిన గాలికీ ఒకే మనిషి దొరకడంతో ఆయనకు ప్రాణం లేచొచ్చింది. నిర్లక్ష్యం అని ఫైల్లో రాస్తారట. నర్సక్క వచ్చే నెలాఖరుకు రిటైరవుతోంది. ముప్పైనాలుగేళ్ల ఫైల్లో ఆఖరి మాట అదవుతుంది.

"మీరేమైనా చెప్పుకుంటారా?" అని అడిగారు.

"నేను చెప్పేదేముంది సర్. నాలుగేళ్లుగా ఎవరో చెప్పింది ఇంకొకరికి చెప్తున్నాను, అంతేగా."

సర్క్యులర్ గారికి అర్థం కాలేదు, రాసుకున్నారు. అన్నయ్య నేలవంక చూశాడు. నేను కిటికీలోంచి చూశాను. బయట చూడ్డానికి ఏమీ లేదు, వాటర్ ట్యాంకు ఉంది.

నర్సక్క నా వంక చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. వచ్చే సోమవారం పంక్చరాయన్ని కూడా పిలిచి, నామమాత్రంగా నాలుగు ప్రశ్నలు అడిగి, మూసేస్తారట.

జూలై 2, బుధవారం

అంతా ఒప్పుకుంటూ ఉత్తరం రాశాను. చింపేశాను. చేతిరాత బాగోలేదు.

జూలై 4, శుక్రవారం

మళ్లీ రాశాను. ఈసారి చేతిరాత బాగుంది. బ్యాగులో పెట్టుకుని వెళ్లి, బ్యాగులోనే తెచ్చాను.

సిగ్గుగా ఉంది. ఆ కాలు తలచుకుంటే సిగ్గు, నర్సక్క ఎదురైతే ఇంకా సిగ్గు.

జూలై 7, సోమవారం

పంక్చరాయన్ని చక్రాల కుర్చీలో తీసుకొచ్చారు. భార్య వెనక నిలబడింది. సర్క్యులర్ గారు మర్యాదగా మొదలుపెట్టారు.

"ఆ రోజు గాలి లోపలికి వెళ్తున్నట్టు మీకేమైనా తెలిసిందా?"

"మత్తులో ఉన్నానండి."

"తెలియలేదని రాసుకోవచ్చా?"

"రాసుకోండి."

సిరంజి బయటికి తీశారు. తొమ్మిది. సగానికి సగం. సర్క్యులర్ గారి నిట్టూర్పు చూస్తే ఆయన సర్క్యులరు ఆయనకే వర్తిస్తుందనిపించింది. పంక్చరాయన చెయ్యి చాచాడు.

"ఓసారి ఇలా ఇవ్వండి. నీళ్లున్నాయా?"

బల్ల మీద కమిటీ తాగడానికి పెట్టిన గాజు జగ్గు ఉంది. దాన్ని ఒళ్లో పెట్టుకుని సిరంజిని నీళ్లలో ముంచి, బొటనవేలితో మెల్లగా నొక్కాడు. మూత అంచునుంచి సన్నటి బుడగలు వరసగా పైకి లేచాయి. చర్మం డాక్టరు కుర్చీలోంచి లేచి వచ్చి వంగి చూశాడు. ఏసీ ఇంజనీరు కూడా వచ్చాడు. ఇన్నాళ్లూ గాలి మీద విచారణ చేసినవాళ్లు గాలిని చూడటం అదే మొదలు.

"ఇదిగో, మూత వదులు" అన్నాడు పంక్చరాయన. నొక్కుతూనే ఉన్నాడు.

"ఆగండి, అది సాక్ష్యం."

"నా ఒంట్లోంచి తీసిందే కదండీ." ఆఖరి బుడగ పోయేదాకా నొక్కి, ఖాళీ సిరంజిని బల్ల మీద పెట్టాడు.

సర్క్యులర్ గారు కాసేపు ఖాళీ సిరంజిని చూశారు. తర్వాత ఫారం దగ్గరకు లాక్కుని, యజమాని కాలమ్‌లో పంక్చరాయన పేరు రాశారు. "మూత లోపం రుజువైంది. మూత పెట్టింది నర్సు. ఇంక ముగిద్దాం" అన్నారు. నర్సక్క తల వంచుకుని ఉంది.

పంక్చరాయన నావైపు తిరిగాడు. జగ్గు ఇంకా ఒళ్లోనే ఉంది. "మేడమ్, బుడగలు మీకు కనబడ్డాయన్నారు కదా. వేలు పెట్టింది ఎవరు?"

"సర్జన్ గారు."

"మీరు చూడ్డానికీ ఆయన వేలు పెట్టడానికీ మధ్య ఎంతసేపైంది?"

నాలుగుసార్లు కూర్చున్న కమిటీలో ఒక్కరికీ తట్టని ప్రశ్న. చుట్టూ చూశాను. అందరూ మామూలుగానే ఉన్నారు. అన్నయ్య ఒక్కడే తలెత్తాడు.

"నలభై సెకన్లు" అన్నాను.

"నలభై సెకన్లలో నేను సైకిల్ టైరు విప్పి ట్యూబు బయటికి లాగేస్తానండి. అంతసేపూ ఏం చేశారు?"

"మాట్లాడుకోలేదు."

"ఎవరు మాట్లాడుకోలేదు?" అన్నారు సర్క్యులర్ గారు.

"నేనూ మా అన్నయ్యా. నాలుగేళ్లుగా. నేను నర్సక్కకి చెప్పాను. ఆవిడ లెక్కలో ఉంది. ఆ తర్వాత ఆయన చెప్పింది ఆవిడ నాకు చెప్పింది, నేను చెప్పింది ఆయనకి చెప్పింది. అక్కడ అయిపోయాయి నలభై సెకన్లు. గాలి గొట్టంలోంచి రాలేదు. రికార్డింగు ఉంది, చూసుకోండి."

"చిల్లు లేదని వాదించింది నేను" అన్నాడు అన్నయ్య. "పడింది నా చేతిలోనే."

"నేరుగా చెప్పనిది నేను."

"చెప్తే మాత్రం వినేవాణ్ణో లేదో."

నాలుగేళ్లలో ఒకరి మాటకు ఒకరం జవాబివ్వడం అదే మొదటిసారి. గదిలో ఆ సంగతి గమనించింది నర్సక్క ఒక్కతే.

"గొడవ దేని గురించి?" అని అడిగారు సర్క్యులర్ గారు. ఆయన మళ్లీ అడిగారు. నర్సక్కకు అలవాటు ఎక్కడికి పోతుంది, "ఊతకర్ర గురించి సర్" అని అందించింది.

"కర్రా?" అన్నాడు పంక్చరాయన.

"కర్ర" అన్నాడు అన్నయ్య.

"మీ ఇద్దర్లో ఎవరికైనా కాలు కుంటా?"

"లేదు."

ఆయన తిడతాడనుకున్నాను. తిడితే ఓర్చుకుందామనుకున్నాను. ఆయన తన ఎడమకాలి వంక చూసుకుని జగ్గు బల్ల మీద పెట్టేశాడు. మాట్లాడింది భార్య.

"ఆ కర్ర ఇప్పుడెక్కడుంది?"

"మా ఇంట్లో, గొడుగుల దగ్గర" అన్నాడు అన్నయ్య.

"తెచ్చివ్వండి. ఈయనకి కావాలి."

జూలై 9, బుధవారం

కమిటీ నివేదిక వచ్చింది. నర్సక్క ఫైలు శుభ్రంగానే ఉంది. నన్నూ అన్నయ్యనూ మూడు నెలలు మార్పిడి ఆపరేషన్లకు దూరంగా పెట్టారు. తక్కువే వేశారు.

సర్క్యులరు కూడా వచ్చింది. ఇకమీదట ఆపరేషన్ గదిలోకి ఊతకర్రలు తీసుకురావడం నిషేధం.

జూలై 27, ఆదివారం

పంక్చరాయన ఇంటికొచ్చి పది రోజులైంది. కొట్టు నిన్ననే తెరిచాడు. అన్నయ్య కర్ర పట్టుకుని వచ్చాడు, నేను వేరుగా వెళ్లాను, ఇద్దరం ఒకేసారి చేరాం. అన్నయ్య వీధంతా ఆ కర్రను గొడుగులా చంకలో పెట్టుకుని నడిచాడు.

పంక్చరాయన దాన్ని పక్కన ఆనించి చూసుకున్నాడు. జానెడు పొడుగెక్కువైంది. నాన్న పొడగరి. ఒక్క మాట అడక్కుండా దాన్ని బల్లకు బిగించి, ఇనుము కోసే రంపం తీసుకుని కోయడం మొదలుపెట్టాడు. అడుగున, ఇత్తడి పొన్ను పైన, నాన్న పేరులో మొదటి అక్షరం చెక్కి ఉంటుంది. అన్నయ్య చెయ్యి చాచి వెనక్కి తీసుకున్నాడు. నేనూ అంతే. పొట్టు మా చెప్పుల మీద పడింది.

ముక్క తెగి కింద పడింది. పొన్నూ అక్షరమూ దాంతోనే పోయాయి. పంక్చరాయన దాన్ని ఎత్తి చూపించాడు. "ఇది మీకెవరికైనా కావాలా?"

"వద్దు" అన్నాం ఇద్దరం, ఒకేసారి.

కొట్టు ముందు వాలులో ఒక మూడు చక్రాల బండి ఆగి ఉంది. అది జారకుండా ఆ ముక్కను చక్రం కింద పెట్టాడు. మిగిలిన కర్ర కొనకు పాత ట్యూబు రబ్బరు తొడిగి, దాని మీద బరువాని లేచి నిలబడ్డాడు. బాగుందన్నాడు.

అమ్మకు చెబితే, పోన్లే, కుక్కలు కూడా రావు అంది.

అక్టోబరు 13, సోమవారం

మూడు నెలల తర్వాత మొదటి మార్పిడి. నర్సక్క రిటైరైపోయింది. ఆమె చోటికి వచ్చినావిడకు మా సంగతేమీ తెలియదు.

ఇద్దరికీ అలవాటు తప్పింది. అన్నయ్య "ఆవిడతో..." అని మొదలుపెట్టి ఆగిపోయాడు. కొత్త నర్సు ఎవరితో అని చూసింది. ఆయన గొంతు సవరించుకుని, ఆకుపచ్చ గుడ్డ పైనుంచి, "బుడగలేమైనా ఉన్నాయా?" అన్నాడు.

"లేవన్నయ్యా."

ఎనిమిది గంటల్లో ఆ ప్రశ్న పదకొండుసార్లు అడిగాడు. పదకొండుసార్లూ చెప్పాను. ఒకదశలో నోరు మూసుకుంటే బాగుండు అనిపించింది కూడా.

వచ్చేటప్పుడు స్కూటర్‌లో గాలి తక్కువైందని కొట్టు దగ్గర ఆపాను. గాలి తక్కువేమీ కాలేదు. నా ముందు ఒక సైకిలుంది. ఆయన కర్ర గోడకు ఆనించి కూర్చుని, టైరును కుడికాలితో తొక్కిపట్టాలని చూశాడు, కుదరక మోకాలితో నొక్కిపెట్టి ట్యూబు లాగాడు. ఎడమకాలు పక్కకు చాపి ఉంది. అందులో రావాల్సిన మిగతా కదలిక ఇక రాకపోవచ్చు. ఆయనకు చెప్పాను కూడా, పోయినసారే.

చూడకూడదనుకుంటూనే గడియారం చూశాను. ట్యూబు బయటికి రావడానికి రెండు నిమిషాల పది సెకన్లు.